వీణ గారి యంత్రం, నా మౌనం

2001వ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీ, గురువారం నాడు శ్రీమతి వీణ గారు రాయపూర్ శివారు ఉర్లాలోని మన కర్మాగారపు విద్యుత్ నిర్వహణ విభాగంలో సాంకేతిక సహాయకురాలిగా చేరారు. ఆ ఉదయం వారికి పనిముట్ల సంచి అప్పగించి సంతకం తీసుకున్నది స్టోర్సు గుమస్తానైన నేనే. సంతకానికి ముందు వారు సంచిలోని ప్రతి వస్తువునూ పట్టికతో సరిచూసి, స్క్రూడ్రైవరు ఒకటి తక్కువుందని సెలవిచ్చారు. నిజంగానే తక్కువుంది. వారి పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు వారిని గురించి రాయమన్నప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు; కారణం పాఠకులకు కాసేపట్లో తెలుస్తుంది.

బొబ్బిలి ప్రాంతం నుండి రైల్వే ఉద్యోగరీత్యా రాయపూర్ చేరిన కుటుంబం వారిది. ఇక్కడే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, ఎనిమిదేళ్ళు టీవీల మరమ్మతు దుకాణంలో పనిచేసి, ఆ తరువాత మన సంస్థకు వచ్చారు. తొలి దశాబ్దంలో వారు బాగుచేసిన కంట్రోలు కార్డుల సంఖ్య నా రిజిస్టరులో ఉంది గాని, ఇక్కడ ఏకరువు పెట్టను. యంత్రం ఆగితే కార్మికులు "దీదీకి చూపించండి" అనేవారు. అంతకు మించిన యోగ్యతాపత్రం నాకు తెలిసి ఈ కర్మాగారంలో మరొకరికి లేదు.

2012 చలికాలంలో ఒకనాడు మధ్యాహ్న భోజనవేళ వారు స్టోర్సుకు వచ్చి, మూలన పడివున్న రెండు పాత డాట్ మాట్రిక్స్ ప్రింటర్లను చూపించారు.

"దుర్గారావు గారూ, ఇవి కబాడీలోకేనా? నాకు లోపలి మోటార్లు కావాలండి."

"తీసుకుపోండమ్మా, తుక్కే కదా, బేకార్ సామాను."

"గేటు పాసో?"

"నేనున్నాను కదా! రేపు రాసేస్తాను."

రాయలేదు. మరిచిపోయాను.

ఆ మోటార్లతో, ఇనుప సామాన్ల కొట్లో కొన్న మరకడ్డీలతో, ఒక పాత కంప్యూటరుతో వారు బీర్‌గావ్‌లోని తమ ఇంటి వరండాలో చిన్న సీఎన్‌సీ యంత్రాన్ని నిర్మించారు. కంప్యూటరు చెప్పిన దారిలో సన్నని కత్తి తిరుగుతూ, రాగిపూత పలక మీద అక్కర్లేని రాగిని గీకివేసి, విద్యుత్ మార్గాలను మిగిల్చి కార్డు తయారుచేస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి ఏడు నెలలు పట్టింది. మరల వదులు వల్ల అది మొదట వృత్తం గీయమంటే కోడిగుడ్డు గీసింది. పలక పెట్టే బల్ల ఎగుడుదిగుడుగా ఉండి, కత్తి ఒకవైపు లోతుగా దిగి మరోవైపు అసలు తాకేది కాదు. చివరికి ఆ బల్లను ఆ యంత్రం చేతనే చదును చేయించారు. తను కూర్చునే చోటు తానే చక్కబరుచుకోవడం యంత్రానికైనా మంచిదే.

తొలి కార్డు పూర్తయిన నాటి సంగతి వారి భర్త, రైల్వే ఉద్యోగి శ్రీ శివాజీ గారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. రాగి వైపు నుండి చూస్తే బొమ్మ తిరగబడుతుందన్న మాట ఇరవయ్యేళ్ళ అనుభవం గల ఆవిడే మరిచిపోయారు. కార్డంతా అద్దంలో బింబంలా వచ్చింది.

"అయ్యో రామ! మొత్తం ఉల్టా అయిపోయిందండీ!"

"అద్దం ముందు కూర్చుని బిగించు, సీదా అయిపోద్ది" అన్నారట శివాజీ గారు. ఆ పూట ఆయనకు టీ ఆలస్యంగా అందింది.

2013 జూన్‌లో మన ప్లేటు కోత యంత్రపు కంట్రోలు కార్డు కాలిపోయింది. తయారీదారులు ఆ నమూనాను ఏనాడో మానేశారు. యంత్రాన్ని తుక్కుకింద తీసేయాలన్నారు. దాని మీద ఆధారపడ్డ ఆరుగురు కార్మికులను కూడా. వీణ గారు కాలిన కార్డును ఇంటికి తీసుకువెళ్ళి, దాని మార్గాలను ఒక్కొక్కటిగా గీసుకుని, నాలుగవ నాటికి కొత్త కార్డు తెచ్చి బిగించారు. యంత్రం నడిచింది. ఆ ఆరుగురిలో నలుగురు నేటికీ మనతో ఉన్నారు.

కథ అక్కడితో ముగియవలసింది. కాని కార్డు ఎలా వచ్చిందో చూడబోయిన అధికారుల కంట ఇంటి యంత్రం మీద మన సంస్థ ముద్రగల ప్రింటరు చట్రం పడింది. విచారణ జరిగింది. అప్పటి మేనేజరు శ్రీ మోహనకృష్ణ గారు అడిగారు:

"పాసు లేకుండా సామాను బయటికెలా వెళ్ళిందమ్మా?"

"అడిగే తీసుకెళ్ళానండి. ఎవర్ని అడిగానో, ఆయనే చెబుతారు."

నేను అదే గదిలో ఉన్నాను. స్టోర్సు అధికారిగా నా పదోన్నతి కాగితం ఆ వారమే కదిలింది. నా నోట మాట రాలేదు. వారు నా పేరు చెప్పలేదు, నా వైపు చూడనూ లేదు. హెచ్చరిక పత్రం వారి సర్వీసు ఫైలులో చేరింది. మరుసటి ఏడు రావలసిన సూపర్‌వైజరు పదవి 2018లో గాని రాలేదు. ఆ తరువాత ఎన్ని కార్డులు ఆ యంత్రం చేసిందో, ఎందరికి వారు ఆ విద్య నేర్పారో అందరికీ తెలుసు. నాతో మాత్రం పన్నెండేళ్ళూ "నమస్తే" దాటి మాట్లాడలేదు. తప్పు నాదే. సిగ్గుపడుతున్నాను.

గత మాసంలో జరిగినదంతా యాజమాన్యానికి రాసిచ్చాను. ఆ లేఖ ఇప్పుడు వారి ఫైలులో ఉంది. ఈ వ్యాసపు ప్రతిని వారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివి, ఆరు నెలలన్నచోట ఏడని దిద్దారు.

"విచారణ భాగం తీసేయమంటారా అమ్మా?" అన్నాను.

"ఎందుకండీ? ఉంచండి. మా ఇంట్లో చదవాలి. మా ఆయన పైకి అనరు గాని, అడక్కుండా తెచ్చేశానేమోనని ఇన్నేళ్ళూ ఆయనకి కొంచెం షక్కే, అనుమానమే."

2025 మే 31న పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి వీణ గారికి సహోద్యోగులందరి పక్షాన ఆరోగ్యమూ, దీర్ఘాయువూ, ఇష్టమైన పనికి కావలసినంత తీరికా కలగాలని మనసారా కోరుకుంటున్నాను. వారితో ఆ జీవితాన్ని పంచుకోబోయే శ్రీ శివాజీ గారికి ఒక మనవి: అయ్యా, ఆవిడ అడిగే తీసుకువెళ్ళారు. ఇచ్చింది నేను.