నాలుగొందల పేర్ల పందెం

సిల్తారా ఇనుప ఫ్యాక్టరీలో, భట్టీ పక్కనున్న రేకుల గదిలో కూర్చుని హాజరుపట్టీ రాసే కొండలరావుకి ఆ తొంభై నాలుగు వేసవిలో ఒకటే కోరిక, ఏసీ గదిలో కుర్చీ. కంప్యూటర్ కొందామని ఆఫీసువాళ్లు రెండు దుకాణాల నుంచి ఒక పెద్దదీ, ఒక చిన్నదీ పరీక్షకి తెప్పించారు. ఏది చురుకైనదో సరిగ్గా తేల్చినవాడికే ఏసీ గదీ, కంప్యూటరూ అన్నాడు మేనేజరు. చిన్నదే గెలిచిందని కొండలరావు రిపోర్టు రాసేశాడు. ఇక జీతాల సెక్షన్ దీనమ్మ సంతకం ఒక్కటే తక్కువ. ఆవిడ గేటు బయట టీ బడ్డీకి వచ్చిందని చూసి, వెనకే వచ్చి కథ అందుకున్నాడు.

"పక్షపాతం నా ఒంట్లో లేదక్కా. నాలుగొందల మంది వర్కర్ల పేర్లు ఫ్లాపీలోకి ఎక్కించాను. అక్షరాల వరసలో పెట్టమని ముందు పెద్దదానికి ఇచ్చీసాను. అది మూలిగీ మూలిగీ ఆరు నిమిషాలు తీసుకుంది. ఆ తరవాత ఏటైందో తెలుసా? చిన్నది రెండు సెకన్లు, బస్, ఖతం."

అక్కడే టీ తాగుతున్న, కాంటా దగ్గర లారీలు తూచే జోగయ్య నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు చూశాక కొండలరావుకి రెండు సెకన్లు మరీ ఎక్కువనిపించింది. అసలు మీట మీంచి వేలు తీయకముందే అయిపోయిందన్నాడు. జోగయ్య తలూపాడు. దాంతో ఫ్లాపీ ఇంకా తన చేతిలో ఉండగానే అయిపోయిందట. పనిలేక ఆ చిన్నది వచ్చే నెల చేరబోయేవాళ్ల పేర్లు కూడా సర్దిందట, అదీ చాలక తిల్దా రైసుమిల్లు వాళ్లవీ సర్దేస్తే ఆ మిల్లు ఓనరు మిఠాయి పంపాడట, మర్నాడు పొద్దున మన వర్కర్లు ఎవరూ చెప్పకుండానే గేటు దగ్గర అక్షరాల వరసలో నిలబడ్డారట. ఇంత గొప్ప యంత్రాన్ని కనిపెట్టినందుకు కొండలరావుకి తన మీద తనకే గౌరవం పుట్టుకొచ్చింది.

"రెండింటికీ ఒకటే ఫ్లాపీనా తమ్ముడూ?" అని అడిగింది దీనమ్మ.

"ఒకటే అక్కా. పక్కా ఇన్సాఫ్, న్యాయమంటే న్యాయమే. పెద్దది పేర్లన్నీ సర్ది అందులోనే రాసింది కదా, ఆ ఫ్లాపీనే తీసి అలాగే చిన్నదాంట్లో..."

జోగయ్య అటు తిరిగి దగ్గాడు.

"మరి చిన్నదానికి సర్దడానికి ఏం మిగిలింది?" అంది దీనమ్మ.

పెద్దది ముందే సర్దేసిన పేర్లు చూసి కొండలరావు మూడు రోజులుగా చిన్నదానికి జేజేలు పలుకుతున్నాడు. సిగ్గేసింది, ఆ వెంటనే తనమీద తనకే పొట్ట పట్టుకునేంత నవ్వొచ్చింది.

"ఇంతకీ ఏది చురుకైనది?"

"తెలీదక్కా." పొద్దుటినుంచీ అతని నోట వచ్చిన మొదటి నిజం అదే.

"అదే రాసి తీసుకురా."

"అలా రాస్తే ఏసీ గది నాకెవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు. సంతకం మాత్రం పెడతాను."