దయ్యమే నయం

కామారెడ్డిలో ఫిల్మ్ క్లబ్బు వాళ్లు వేసిన రెండు డెన్మార్క్ సినిమాలు చూసి, పెండ్లయి నెలయిన జంట ఎల్లారెడ్డి బస్సెక్కింది.

"దయ్యం సినిమాకు నవ్వినవ్. ఇంటి కథకేమో భయపడి నా చెయ్యి పట్టుకున్నవ్. ఏంది గట్ల?"

"దయ్యమే నయం, పేరు పెట్టి పిలిచింది. గా ఇంట్ల మొగుడు పెండ్లాం ఎదురెదురుగ కూసొని తింటరు, ఒక్క మాట మాట్లాడుకోరు."

"మనింట్ల నేను గూడ మాట్లాడ గద!"

"పెద్దల ముందర పెండ్లాంతోని మాట్లాడితే సిగ్గు లేదంటరని మీరే చెప్పిండ్రు. గదే అలవాటయితదేమోనని నా భయం."

"సరే. ఇయ్యాల అవ్వ ముందరనే పిలుస్త. 'నువ్వు గూడ కూసో, కలిసి తిందం' అంట."

"అత్తమ్మ ఏమన్నంటే?"

"అననీ."

"అయితే, కూర మంచిగుందని గూడ చెప్పుండ్రి. జర గట్టిగ!"