పాతది తెస్తెనే కొత్తది

బొగ్గుబాయి దవాఖాన స్టోరు కిటికీ కాడ ఎండ మండుతుంది. ఇంట్ల మంచం పట్టిన పెనిమిటికి మూత్రం సంచి కోసం వచ్చిందామె. గుమాస్తా అలవాటుగా చెయ్యి చాపిండు.

"పాతది తెచ్చినవా అక్కా?"

"తెచ్చిన సారూ. కడిగి, ఆరబెట్టి తెచ్చిన."

సంచి పొడిగున్నది. ఆయనకు ఏదో తట్టింది.

"ఇది ఆరేదాంక ఆయనకు ఏం పెట్టినవు?"

"ఏం పెడ్త సారూ? ఉన్నది గదొక్కటే."

"మరి పక్కంత తడవదా?"

"అంతగనం తడవదు. నేను ఇక్కడికొచ్చే ముందటి దినం నుంచే ఆయన నీళ్లు తాగుడు బంద్ వెడ్తడు. నిన్న వస్తే మీకు సెలవాయె. అందుకే ఇయ్యాలటికి రెండు దినాలాయె."

గుమాస్తా సంచిని పక్కకు పెట్టిండు.

"నడుం విరిగిన మనిషిని గీ ఎండల రెండు దినాలు నీళ్లు లేకుంట ఉంచినవా? పాతది తేవాల్నన్న రూలు బాయిల దిగెటోళ్ల బూట్లకు, లైట్లకు. దీనికి కాదక్కా. నీకెవరు చెప్పిన్రు?"

ఆమె కొత్త సంచి కోసం కిటికీలకు చెయ్యి చాపింది.

"మూడేండ్ల కింద వట్టి చేతులతోని వస్తే ఎనుకకు పంపింది మీరే గద సారూ. జర జల్ది ఇయ్యున్రి. నేను పోతెనే ఆయన నీళ్లు తాగుతడు."