పైడయ్య తిప్పిన దొరసాని కుర్చీ

"ఓడొచ్చెనోలమ్మ ఒడ్డు కాడికీ, ఒళ్ళోన ఏటేటి తెచ్చెనోలమ్మా..." ఆ తర్వాత పగడాలో పట్టుకోకలో, అప్పాయమ్మకి ఎంతకీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఇసకలో గెంతుతూ పాడిన పాట. ఆ గెంతిన కాళ్ళే ఇప్పుడు పడిపోయాయి. వన్ టౌన్‌లో తిరుమలరావు టీ బడ్డీ ముందు చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. రేవులోకి తెల్లటి టూరిస్టు ఓడ వచ్చిందట, బడ్డీ అంతా అదే మాట.

ఆదివారం వీధిలో ఆడాళ్ళంతా లాంచీలో హార్బరు చూడ్డానికి వెళ్తున్నారు. అప్పాయమ్మ ప్రాణమంతా ఆ లాంచీ మీదే ఉంది. "వత్తావా అత్తా, రావా? సందేళకి సెప్పీ" అని కోడలు రోజారమణి పొద్దున్నే అడిగింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఓడలకి మోకులు కట్టి రిటైరైన పైడయ్య బెంచీ మీద మఠం వేసుకున్నాడు.

"కిందటేడు ఇలాంటి ఓడే పిన్నీ. అందులో ఓ దొరసాని, అచ్చం నీలాగే కుర్చీలో. టూరుకని అందరూ బస్సెక్కేసేరు, ఓడకీ మెట్లే, బస్సుకీ మెట్లే, పాపం ఈవిడొక్కర్తే పైన మిగిలిపోయింది, నాను సూడలేక కుర్చీకి నాలుగు పక్కలా మోకు కట్టి కిందకి దించీసేను."

"ఒక్కడివేనా బావా?" అన్నాడు ఆటో దుర్గారావు.

"ఒంటిసేత్తో! రెండో సేతిలో టీ గ్లాసుంది, సుక్క ఒలికితే ఒట్టు. ఆ తర్వాత ఏటైందో తెలుసా? బీచ్ రోడ్డులో కొత్తగా పెట్టిన సబ్‌మెరైన్ సూత్తానంది. లోపల తలుపులు గుండ్రంగా ఉంటాయి, మనిసే వంగి దూరాల, కుర్చీ పట్టదు. భుజం ఆనించి ఒక్క తోపు తోసేను. జీడిపాకంలా సాగిపోయింది."

"మరి ఇప్పుడు మామూలుగానే ఉంది కదా?" దుర్గారావు సందేహం.

"వచ్చీటప్పుడు నొక్కీసేన్రా. గవర్నమెంటు ఆస్తి! అక్కణ్ణుంచి సింహాచలం. మెట్ల మీద చక్రాలు ఎక్కవు. అందుకని మెట్లన్నీ సాపలా సుట్టి పక్కన పెట్టీసేను."

"అప్పన్న సామి ఊరుకున్నాడా?" తిరుమలరావు అడిగాడు.

"ఎల్లీటప్పుడు మళ్ళీ పరిసీసి ఎల్లరా పైడీ, అన్నాడు. ఈలోగా ఓడ కూత ఏసి కదిలిపోయింది! డాల్ఫిన్ నోస్ కొండెక్కి మోకు ఇసిరి, ఓడని ఎనక్కి లాగి లైట్‌హౌసుకి కట్టీసేను. కెప్టెను నాకు సెల్యూటు కొట్టేడు."

అందరూ పడీ పడీ నవ్వారు. అప్పాయమ్మ నవ్వలేదు. గాలికి జుట్టెగురుతుంటే కొండెక్కుతున్న దొరసాని ఆమె కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"ఆదివారం నువ్వూ రా పిన్నీ. సిటికినేలుతో ఎక్కించెత్తాను."

"అది కాదు నాయనా," అంది మెల్లగా. "పొద్దున్నుంచి సందేళ దాకా తిప్పేవు కదా. ఆ తల్లిని ఒంటేలుకి ఎక్కడికి తీసుకెల్లేవు?"

దుర్గారావు నవ్వబోయి ఆగిపోయాడు. సబ్‌మెరైన్‌ని సాగదీసిన పైడయ్యకి, దొరసాని కోసం ఒక్క చిన్న గది తోచలేదు.

"అందుకా పెద్దమ్మా, ఇన్నాళ్ళూ ఎంత బతిమాలినా నా టీ ముట్టలేదు?" అన్నాడు తిరుమలరావు.

ఆమె చీర చెంగు సర్దుకుంది. లాంచీ ఎక్కించేవాళ్ళు నలుగురు దొరుకుతారు. ఎక్కాక నడిసముద్రంలో ఎవరికి చెప్పుకుంటుంది?

పైడయ్య బెంచీ దిగాడు. కుర్చీని ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా జానలేసి కొలిచాడు. నమ్మకం చాలక మళ్ళీ కొలిచాడు. తువ్వాలు భుజాన వేసుకుని రేవు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"లాంచీలో బాత్రూం తలుపుకి నీ కుర్చీ పడతాదో లేదో ఇప్పుడే ఎల్లి కొలిసొత్తాను. నానొచ్చీదాకా కోడలికి రానని సెప్పకు, పిన్నీ."