మేస్త్రి కట్టిన దవడ

పళ్ళ డాక్టరు వరండాలో బెంచీ మీద కూర్చున్న బస్సు కండక్టరు ఆ పూట ఒక సంగతి తేల్చుకోవాలి. కింది దవడలో కుడివైపు పన్ను ఒకటి తీసెయ్యాలి. తీసి అలాగే వదిలెయ్యాలా, ఆ గుంటలో ఎముక పొడి పెట్టి కుట్టాలా, లోపలికి పిలిచేలోపు ఆలోచించుకొమ్మంది డాక్టరమ్మ. ఎడమవైపు పన్ను నాలుగేళ్ళ కిందట పీకించుకుని వదిలేశాడు. అక్కడ ఎముక కరిగి, చిగురు గాడిలా దిగబడిపోయింది. ఇప్పుడు కొత్త పన్ను పాతిద్దామన్నా నిలబడే చోటు లేదన్నారు. ఈవైపూ అంతే అయితే ఇక దేంతో నములుతాడు? అలాగని ఎక్కడిదో ఎముక పొడి నోట్లో పెట్టించుకోవాలంటే ఒళ్ళు జలదరిస్తోంది.

"భయమా అబ్బాయ్?" అన్నాడు పక్కనున్న తాపీమేస్త్రి. "నేనూ ఇదే చేయించుకున్నాను. చీమ కుట్టినంత కూడా లేదు."

ఆయనకి అరవై దాటి ఉంటాయి. గోళ్ళ చివర సిమెంటు తెల్లగా పట్టేసి ఉంది. కండక్టరు ఆయన దగ్గరికి జరిగాడు. ఎదురు బెంచీ మీద బుగ్గ వాచిన ఇస్త్రీ ఆవిడ కూడా ఇటు చెవి పెట్టింది.

"దవడంటే ఏమిటనుకున్నావు? గోడే. గోడలోంచి కిటికీ పీకేసి కన్నం వదిలేశావనుకో, ముందు పై వరస జారుతుంది, తర్వాత పక్క వరస జారుతుంది, ఏడాది తిరిగి కిటికీ పట్టుకుని వస్తే అసలు గోడేదీ? అందుకని పీకిన పూటే పూడ్చాలి. ఈ మాట డాక్టరమ్మకి నేనే చెప్పాను."

"డాక్టరమ్మకే?"

"మరి! కుర్చీలో పడుకుని పై అద్దంలో చూస్తున్నాను కదా, ఆవిడ పొడి వేస్తోంది. 'అమ్మా, ఒక్కసారి కూరెయ్యకు, కొంచెం కొంచెం వేసి అదుము, లేకపోతే మూలల్లో గుల్ల మిగిలిపోతుంది' అన్నాను. నోట్లో రెండు పనిముట్లున్నాయి, అయినా అన్నాను. ఆవిడ చెయ్యి ఆపి, 'మీరు ఏ కాలేజీలో చదివారండీ?' అంది. పైన పల్చటి పొర కప్పి రెండు కుట్లు వేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"వారం తిరిగేసరికి ఎక్స్‌రే తీశారు. ఎముక ఎంత చిక్కగా పట్టిందంటే, కిరణం లోపలికి పోలేక వెనక్కి తిరిగి మిషన్నే కొట్టింది. మిషను పోయింది. అదిగో, ఆ గదిలో ఉన్నది కొత్తది."

కండక్టరు తొంగి చూశాడు. మిషను తెల్లగా మెరుస్తూ కొత్తగానే ఉంది.

"అది సరే, అసలు సంగతి విను. స్లాబు పోస్తున్నాం. పైన ఎనిమిది మంది. కింద ఊతకర్ర ఒకటి జారింది. నా ఒక చేతిలో తాపీ, ఒక చేతిలో సిమెంటు తట్ట. ఏం చెయ్యను? గడ్డం ఆనించాను."

"స్లాబుకా!"

"స్లాబుకే."

"ఎంతసేపు బాబాయ్?" అంది ఇస్త్రీ ఆవిడ.

"సేపేమిటి తల్లీ? ఆరేదాకా ఊత తియ్యకూడదు. ఇరవై ఒక్క రోజులు. పెదవి పక్కనుంచి గొట్టంతో పాలు పోసేవారు."

"స్లాబు మోశారంటే నమ్ముతాను. మీరు ఇరవై ఒక్క రోజులు నోరు మూసుకున్నారంటే మాత్రం నమ్మను!" అంది ఆవిడ.

కండక్టరు పగలబడి నవ్వాడు. పాతికేళ్ళ సర్వీసులో ఎందరో వాగుడుకాయలు బస్సెక్కారు గానీ, ఇలా చెప్పేవాణ్ణి చూడలేదు. పైగా అందులో గోడ మాట అబద్ధం కాదు. తన ఎడమ దవడే అందుకు సాక్ష్యం. పొడి అంటే ఇందాకటి జంకు ఇప్పుడు లేదు.

"అంత గట్టిపడడానికి ఏం మందు వాడారు మేస్త్రిగారూ?" అని మనస్ఫూర్తిగానే అడిగాడు.

"మందా? నీళ్ళు! నర్సు చెప్పింది, రెండు రోజులు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, గుంటలో గడ్డకట్టిన నెత్తురు కదలకూడదు అని. పాపం చిన్నపిల్ల, దానికి కట్టుబడి సంగతి ఏం తెలుసు? కొత్త పనికి నీళ్ళు పెట్టకపోతే బీటలివ్వదూ? ఇంటికెళ్ళగానే చెంబెడు పుక్కిలించాను. మర్నాడు బిందెడు. మూడో రోజు డ్రమ్ము. నాలుగో రోజు ట్యాంకరు పిలిపించి, పైపు నోట్లో పెట్టుకుని..."

కండక్టరు నవ్వు ఆగిపోయింది. సీట్లో మనిషి కనబడితే మొహం కన్నా ముందు చెయ్యి చూడడం అతని ఉద్యోగం నేర్పిన అలవాటు. మేస్త్రి గుప్పెట్లో నలిగిన చీటీ ఉంది. దాని మీద తొమ్మిది అని వేసి ఉంది.

"అంత గట్టి దవడకి మళ్ళీ ఆ చీటీ ఎందుకు మేస్త్రిగారూ?"

"ఇదా? ఊరికే... డాక్టరమ్మని పలకరించి పోదామని."

"పలకరించడానికి వరసలో కూర్చున్నారా?" అంది ఇస్త్రీ ఆవిడ.

"పొడంతా కడిగేసుకున్నారు కదూ?" అన్నాడు కండక్టరు మెల్లగా.

మేస్త్రి తలెత్తి వరండా కప్పు వైపు చూశాడు. ఏదన్నా పగులు దొరుకుతుందేమోనని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఏమీ దొరకలేదు.

"అంతా కాదు," అన్నాడు చివరికి. "సగమే."

ఇస్త్రీ ఆవిడ వాచిన బుగ్గ పట్టుకుని, అబ్బా అబ్బా అంటూనే నవ్వింది. తలుపు తెరుచుకుంది. "ఎనిమిది!" అని పిలిచింది నర్సు.

కండక్టరు లేచాడు. "ఏం అనుకున్నారు? తీసి వదిలెయ్యమంటారా?" అని అడిగింది ఆమె.

"లేదమ్మా. పొడి పెట్టే కుట్టమనండి."

గడప దాటుతుంటే వెనక నుంచి మేస్త్రి కేక వేశాడు.

"అబ్బాయ్! నీళ్ళు మాత్రం పెట్టకు. ఆ పిల్ల చెప్పినట్టు విను!"