గుండ్రటి చారలు

"నిడియా! ముందు ఇటు రా, మళ్ళీ ఎవరో నా అల్మరాల మీద చెయ్యి వేశారు, ఈసారి నాలుగు తలుపుల మీద!"

మనిజాలెస్ నగరం, ఐదో అంతస్తులో ఒక వంటిల్లు, ఉదయం ఏడు గంటలు. ఇంటావిడ నోయెమీ, అప్పుడే పనిలోకి వచ్చిన నిడియా, బల్ల దగ్గర కాఫీ తాగుతున్న నోయెమీ మామగారు ఎవెలియో.

"అమ్మగారూ, గొడుగన్నా పెట్టనివ్వండి. నీళ్ళు కారుతున్నాయి."

"తడిసొచ్చావు, ఇదిగో నిడియా, నీ కాఫీ కూడా పోసి ఉంచాను."

"కాఫీ తర్వాత, మామయ్యా! ఇటు వంగు నిడియా. కిటికీ వైపు నుంచి చూడు. కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి."

"ఏంటవి?"

"చారలు."

"చారలు! ఎంత తేలిగ్గా అనేశావే! మూడేళ్ళు కలలుగని కట్టించుకున్న వంటిల్లు. మ్యాట్ నలుపు. ఈ భవనం మొత్తంలో మ్యాట్ నలుపు నాకొక్కదానికే ఉంది. మెరుపన్నదే ఉండకూడదు. బొగ్గులా ఉండాలి, పలకలా ఉండాలి. ఇప్పుడెలా ఉందో చూడు, వేపుడు పెనం బోర్లించినట్టు!"

"నిన్న ఐదింటికి నేను వెళ్ళేటప్పుడు మీరే టార్చి వేసి చూశారు కదా. ఒక్క చార లేదు."

"అదే మోసం. వీడియోలో ఆవిడ చెప్పింది. సబ్బు ఎక్కువైతే అప్పటికప్పుడు కనబడదట, రాత్రంతా ఆరి తెల్లారేసరికి బయటపడుతుందట. దేంతో తుడిచావో నిజం చెప్పు."

"గోరువెచ్చటి నీళ్ళు. బకెట్టుకి ఒక్క చుక్క గిన్నెల సబ్బు. మెత్తటి గుడ్డ గట్టిగా పిండి, పైనుంచి కిందకి. ఆ వెంటనే పొడిగుడ్డ, అదీ పైనుంచి కిందకి."

"వెనిగర్?"

"లేదు."

"బ్లీచు?"

"అమ్మగారూ!"

"పీచు?"

"పీచుతో నా మొహమైనా తోముకుంటాను గానీ, ఈ తలుపులు తోముతానా?"

"చూడు, నువ్వొచ్చి పదకొండేళ్ళయింది. అందుకే ముందే చెప్తున్నా. తొమ్మిదింటికి పనివాళ్ళ ఏజెన్సీ నుంచి వేరే ఆవిణ్ణి పంపిస్తున్నారు."

"దేనికి?"

"ఈలోపు ఎవరి పనో తేలాలి. తేలకపోతే..."

"తేలకపోతే నేను పోవాలా?"

"నువ్వని కాదు. ఈ తలుపుల మీద చెయ్యి వేసిన మనిషి ఎవరైనా సరే, ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు. అంతే."

"కొండ అయ్యుంటుంది."

"ఏం కొండ, మామయ్యా?"

"రూయిస్ కొండ. రాత్రి మళ్ళీ బూడిద ఊది ఉంటుంది. నా పెళ్ళప్పుడూ అంతే, కేకు మీద..."

"కిటికీలన్నీ మూసే ఉన్నాయి."

"బూడిదకి కిటికీలొక లెక్కా?"

"అగ్నిపర్వతం ఇంత దూరం వచ్చి, పైవరస తలుపుల మీద మాత్రం ఊది, కిందివరస వదిలేసి పోయిందా?"

"దానికీ నడుం నొప్పేమో."

"మామయ్యా, మీరు కాఫీ తాగండి. నిడియా, ఇది ఇవాళ్టి సంగతి కాదు కాబట్టి నేనూ ఊరుకోలేదు. రాత్రి పడుకునేముందు వంటింటి గుమ్మంలో మొక్కజొన్న పిండి చల్లాను."

"పిండా? ఎందుకు?"

"అడుగులు పడతాయని. ఎవడొచ్చినా దొరికిపోతాడని."

"పడ్డాయా మరి?"

"అడుగులు లేవు. పిండీ లేదు! నేల నాకేసినట్టు ఉంది. అంటే ఆలోచించు, ఎంత తెలివైనవాడో."

"ఆ పిండా..."

"ఏంటి మామయ్యా?"

"ఏం లేదమ్మా."

"పిండి అన్నారు."

"నేలపాలై ఉంటే ఎత్తాను. తినేదాన్ని తొక్కుతూ తిరగలేం కదా."

"ఎత్తి?"

"జల్లించాను."

"జల్లించి?"

"అరెపా రొట్టెలు కాల్చాను. బాగా కుదిరాయని రెండు తిన్నావుగా ఇందాక."

"మేరీ మాతా! నేను సాక్ష్యం తినేశానా?"

"చీజ్ వేసుకుని మరీ."

"నవ్వకు నిడియా! మామయ్యా, మీరు ఎత్తేటప్పటికి పిండి మీద అడుగులున్నాయా?"

"ఉన్నాయి."

"ఎవరివి?"

"నావే. నడిచి వెళ్ళకుండా ఎలా ఎత్తను?"

"ఎన్నింటికి?"

"నాలుక్కి. నలభై ఏళ్ళు నాలుక్కే లేచి బస్సు తీశాను, ఇప్పుడు పడుకోమంటే కళ్ళు మూతపడతాయా?"

"ఆ టైములో వంటింట్లో ఎవరైనా కనిపించారా? బాగా గుర్తు చేసుకోండి."

"నేను తప్ప ఇంకెవరూ కనిపించలేదు."

"చూశావా నిడియా? బయటివాళ్ళు ఎవరూ రాలేదు. ఇక మిగిలింది నీ సబ్బే."

"అమ్మగారూ, ఒక్కసారి ఈ తలుపు వాసన చూడండి."

"తలుపు వాసనా?"

"ముక్కు ఆనించకండి, మళ్ళీ మరక పడుతుంది. దూరంగా."

"కొబ్బరి! కొబ్బరి వాసన! కొబ్బరినూనె రాశావా? చచ్చాన్రా దేవుడా!"

"నేనే రాసి నేనే వాసన చూడమంటానా?"

"నేను కొబ్బరి మిఠాయి తిన్నానమ్మా."

"వాసనొచ్చేది తలుపు దగ్గర మామయ్యా, మీ దగ్గర కాదు."

"దగ్గరగా నిలబడి మాట్లాడానేమో."

"తలుపుతోనా?"

"ఈ వయసులో ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి కదా."

"ఇంకొకటి అమ్మగారూ. నేను పైనుంచి కిందకి తుడుస్తానని చెప్పాను. ఇవి చూడండి. సున్నాలు. ఒకదాని పక్కన ఒకటి, లెక్క తప్పకుండా సున్నాలు చుట్టినట్టు. ఇది బాగా అలవాటున్న చెయ్యి. ఏళ్ళ తరబడి ఒకే తీరుగా..."

"అరెరే, కాఫీ!"

"మామయ్యా, చూసుకోండి, బల్లంతా ఒలికింది!"

"తుడుస్తున్నా, తుడుస్తున్నా. మీరు కానివ్వండి."

"పెద్దాయనా."

"ఏమ్మా నిడియా?"

"ఎలా తుడుస్తున్నారు?"

"ఎలా ఏంటి? చేత్తో."

"గుండ్రంగా."

"బల్ల గుండ్రంగా ఉంది కదా."

"బల్ల నలుచదరంగా ఉంది."

"అవునా? నేనిన్నాళ్ళూ గమనించలేదు."

"ఏంటే నిడియా, బల్ల సంగతి మనకెందుకిప్పుడు? సున్నాలన్నావు. అలవాటున్న చెయ్యన్నావు. తర్వాత?"

"తర్వాతేం లేదమ్మగారూ."

"ఏదో చెప్పబోయి మింగేశావు."

"ఇందాక మీరన్నారే, చెయ్యి వేసిన మనిషి ఎవరైనా సరే ఇంట్లో ఉండకూడదని. అది కోపంలో అన్నారా, నిజంగానా?"

"నిజంగానే."

"పెద్దవాళ్ళైనా?"

"బిషప్పే వచ్చి రాసినా సరే."

"పోవడానికి ఇంకో చోటు లేనివాళ్ళైనా?"

"అది రాసేముందు ఆలోచించుకోవాలి."

"అయితే నా గొడుగివ్వండి."

"అంటే? నువ్వేనా?"

"మీరు అనుకున్నదే. రాసిపెట్టుకోండి."

"ఎందుకు చేశావే?"

"తెలీక."

"పదకొండేళ్ళు పని చేసిన దానివి, తెలీకా?"

"తెలీకే. మా చెల్లెలి ఇల్లు ఈ వీధి దిగువనే, వాన తగ్గేసరికి చేరిపోతాను. పెద్దాయనా, మీ బీపీ మాత్రలు ఉప్పు డబ్బా పక్కన ఉన్నాయి. వచ్చేవాళ్ళకి తెలీదు, మీరే తీసుకోవాలి."

"కూర్చో నిడియా."

"మీరు ఊరుకోండి."

"కూర్చోమన్నానా!"

"మామయ్యా, మీరు మధ్యలో ఎందుకు? ఆవిడే ఒప్పుకుంటుంటే..."

"దాని మొహం, అదేం ఒప్పుకుంటుంది! నేనమ్మా. నేను రాశాను."

"మీరేం రాశారు?"

"నా సొరుగులో, సాక్సుల కింద సీసా ఉంది. బస్సు డాష్‌బోర్డుకి రాసేది. కొబ్బరి వాసనది."

"బస్సుకి రాసేదా? నా మ్యాట్ తలుపులకా?"

"మంచి సరుకమ్మా. ఇది రాస్తే ఎండకి పగుళ్ళు రావు."

"నా వంటింట్లో ఎండెక్కడిది? ఎందుకు మామయ్యా, నేనేం చేశాను మీకు?"

"చెప్తే తట్టుకోలేవు."

"నాలుగు తలుపులు తట్టుకున్నాను, ఇదీ తట్టుకుంటాను. చెప్పండి!"

"ముందు నువ్వూ కూర్చో. నిడియా, దానికి కాస్త బెల్లం నీళ్ళివ్వు."

"మామయ్యా!"

"నలభై ఏళ్ళలో నా బస్సు మెరవకుండా ఒక్కరోజు కూడా స్టాండు దాటలేదు. రంగు పనంటే ఏంటో నాకు తెలుసు. ఆ వడ్రంగి ఆర్నుల్ఫో నిన్ను నిండా ముంచాడమ్మా. వట్టి అడుగు రంగు పూసి, పైన మెరుపు పట్టించకుండానే తలుపులు బిగించేసి పోయాడు. నువ్వేమో ఐదంతస్తుల వాళ్ళనీ పిలిచి, మ్యాట్ మ్యాట్ అని చూపించి మురిసిపోతున్నావు. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఒక్కళ్ళూ నోరు జారలేదు. ఆ సంతోషం చూశాక నాకూ చెప్పడానికి నోరు రాలేదు. అందుకే రోజూ నాలుక్కి లేచి, నీకు తెలీకుండా, ఒక్కో తలుపూ నేనే పూర్తి చేస్తున్నాను. ఈ నిడియా రోజూ సాయంత్రం కడిగి పారేయకపోతే పోయిన నెలలోనే అయిపోయేది."