పెరటి మెట్ల మీద ఎండ

దిగులు తగ్గాలంటే ఎండ తగలాలని డాక్టరు చెప్పాడు. అందుకని చెల్లెలు రోజూ బడికి వెళ్లేముందు అక్కని పెరటి మెట్ల మీద కూర్చోబెడుతోంది.

“ఇక్కడికి ఎండ పదింటికిగానీ రాదే. వీధి అరుగు మీదైతే ఏడింటికే వస్తుంది.”

“అక్కడ దుమ్మక్కా.”

“చిన్నప్పుడు చూసిన పాత సినిమా గుర్తుందా? వేరే గ్రహం నుంచి వచ్చినావిడని అటక మీద దాచేస్తారు.”

“ఊళ్లోవాళ్లు ఆవిణ్ణి ఏమైనా చేస్తారని దాచారు.”

“మరి నువ్వు?”

చెల్లెలు తల వంచుకుంది. “మా క్లాసువాళ్లు అటే వెళ్తారక్కా. నువ్వేమో ఊరికే ఏడుస్తావు... నవ్వుతారని.”

“ముందే చెప్పొద్దూ. బడిగంట కొట్టాకే అరుగు మీదికి వెళ్తాలే. జడ ఊడిపోయింది, అటు తిరుగు, వేస్తాను.”

చెల్లెలు అటు తిరిగి కూర్చుంది. అక్కకి తన ముఖం కనబడనందుకు బతికిపోయాననుకుంది.